మూడో మాట వరకు వినడం: స్థానిక సంఘంలో ఆలోచన చెప్పే పరిచర్యకు ఒక మార్గదర్శి

మన క్రైస్తవ సంఘాల్లో ఎవరికి కష్టం వచ్చినా ముందుగా వినిపించేది "అయ్యగారితో ప్రార్థన చేయించుకోండి" అన్న సలహానే. ఆ సలహా వెనుక తరాల నమ్మకం ఉంది, దానిని నేను తక్కువ చేయను. అయితే ఇన్నేళ్ల పరిచర్యలో నేను గమనించింది ఏమిటంటే, ఆ ప్రార్థనే చాలాసార్లు సంభాషణను ముగించేస్తున్నది. వచ్చిన మనిషి రెండు మాటలు చెప్పగానే కాపరి (పాస్టరు) లేచి, తలమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసి, ఒక వాక్యం చెప్పి పంపిస్తాడు. వారు వందనాలు చెప్పి వెళ్లిపోతారు. అసలు చెప్పుకోవాలని వచ్చిన మూడో మాట గొంతులోనే ఉండిపోతుంది. మొదటి మాట సాధారణంగా ఆరోగ్యం గురించి ఉంటుంది, రెండోది డబ్బు గురించి ఉంటుంది. భర్త చెయ్యి చేసుకుంటున్నాడనో, కొడుకు ఆన్‌లైన్ బెట్టింగులో పొలం కాగితాలు తాకట్టు పెట్టాడనో, బతకాలని లేదనో చెప్పేది ఆ మూడో మాటే. బైబిలు ఆధారంగా ఆలోచన చెప్పే పరిచర్యను (కౌన్సెలింగును) సంఘంలో మొదలుపెట్టాలనుకునేవారు ఆ మూడో మాట బయటికి వచ్చే పరిస్థితిని కల్పించడం దగ్గరే పని మొదలుపెట్టాలి. ఈ వ్యాసం అందుకోసమే.

ఎవరు చేయాలి

ఈ పని కాపరి ఒక్కడి వల్ల అయ్యేది కాదు. నిర్గమకాండము 18వ అధ్యాయంలో మోషే ఉదయం నుంచి సాయంకాలం వరకు ఒంటరిగా కూర్చుని ప్రజల వ్యాజ్యాలు విన్నప్పుడు, ఆ పని బరువుకు నీవూ నలుగుతావు, నీతో ఉన్న ప్రజలూ నలుగుతారని ఆయన మామ యిత్రో హెచ్చరించి, వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి బాధ్యులను ఏర్పాటు చేసుకోమన్నాడు. వంద కుటుంబాలున్న సంఘానికి కాపరితో పాటు ఇద్దరు పురుషులు, ముగ్గురు స్త్రీలు ఉంటే పని ఆరంభించవచ్చు. స్త్రీల సంఖ్య ఎక్కువగా ఉండాలని కావాలనే అంటున్నాను, ఎందుకంటే ఆదివారం ఆరాధనకు వచ్చేవారిలోనూ, బరువులు మోసేవారిలోనూ వారే ఎక్కువ. అంతేగాక ఒక స్త్రీ తన ఇంటి లోపలి సంగతిని కాపరికి చెప్పుకోవడం కంటే మరొక స్త్రీకి చెప్పుకోవడం సులభం. ఇది మనకు కొత్త సంగతీ కాదు. మిషనరీల కాలం నుంచి తెలుగు సంఘాల్లో బైబిలు స్త్రీలు ఇంటింటికీ తిరిగి, పొయ్యి దగ్గర కూర్చుని ఆడవారి కష్టసుఖాలు విని వాక్యం చదివి వినిపించేవారు. ఆ పరిచర్య చాలాచోట్ల సన్నగిల్లిపోయింది. దానిని తిరిగి నిలబెట్టడమే ఈ పనిలో సగమని నా అభిప్రాయం.

మనుషులను ఎంచుకునేటప్పుడు గొంతెత్తి బాగా ప్రార్థించేవారిని చూసి మోసపోకూడదు. ఒక పరీక్ష చాలు. ఈ వ్యక్తి ఇంతవరకు ఎవరి ఇంటి సంగతినైనా మోసుకొచ్చి మీకు చెప్పారా? చెప్పి ఉంటే మీ సంగతిని కూడా ఇతరులకు చెబుతారు, కాబట్టి ఎంత భక్తిపరులైనా ఈ పనికి తగరు. తమ ఇంట్లో మరణాన్నో, అప్పునో, బిడ్డల దారి తప్పడాన్నో చవిచూసి, దాని గుండా దేవుని ఆదరణతో నడిచి వచ్చినవారు సాధారణంగా మంచి శ్రోతలవుతారు. రెండవ కొరింథీయులకు 1:4లో పౌలు చెప్పిన క్రమం కూడా ఇదే: తాము పొందిన ఆదరణతోనే ఇతరులను ఆదరించగలుగుతారు.

గుట్టు నిలబెట్టడం

ఈ విషయం మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన సంఘాల్లో రహస్యాలు చాడీల రూపంలో కంటే ప్రార్థన అవసరతల రూపంలోనే ఎక్కువగా బయటపడతాయి.

పరిచర్య తొలి రోజుల్లో నేను చేసిన తప్పు ఇదే. ఒక కుటుంబం తమ అప్పుల సంగతి నాతో చెప్పుకుని కన్నీళ్లు పెట్టుకుంది. ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నేను పేరు ఎత్తకుండానే, "మన మధ్యనున్న ఒక కుటుంబం అప్పులవాళ్ల ఒత్తిడితో నలిగిపోతున్నది, వారి కోసం ప్రార్థిద్దాం" అన్నాను. ముప్పై గడపలున్న పేటలో పేరు చెప్పవలసిన అవసరం ఏముంది? ఆదివారం నాటికి అందరికీ తెలిసిపోయింది. ఆ ఇంటి ఇల్లాలు ఆ రోజు ఆరాధనకు వచ్చి, ఎప్పుడూ కూర్చునే ముందు చాప మీద కాకుండా చెప్పులు విడిచే గుమ్మం పక్కన కూర్చుంది. ఆ తర్వాతి వారం నుంచి రాలేదు. నేను వెళ్లి క్షమాపణ అడిగాను, ఆమె క్షమించింది, కానీ నాతో మళ్లీ ఎన్నడూ మనసు విప్పలేదు.

అప్పటినుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. సంభాషణ ముగిసేముందు "ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పవచ్చా, చెబితే ఎవరికి, ఎంతవరకు?" అని అడిగి, వారు ఇచ్చిన జవాబుకే కట్టుబడతాను. కాపరి భార్య కూడా ఇందుకు మినహాయింపు కాదు. సంఘ వాట్సాప్ గ్రూపులో ఎవరి పేరు మీదా అనారోగ్యం తప్ప మరే అవసరతా పెట్టకూడదు, ఆ అనారోగ్యాన్ని కూడా వారి అనుమతితోనే పెట్టాలి. జీవించి ఉన్న సభ్యుల కథ, పేరు మార్చినా సరే, ప్రసంగంలో ఉదాహరణగా రాకూడదు. ఒకరు కష్టం నుంచి బయటపడ్డాక "సాక్ష్యం చెప్పండి" అని ఒత్తిడి చేయకూడదు. చెప్పాలన్న కోరిక వారిలోనే పుట్టాలి. రాసుకునే పుస్తకంలో పేర్లకు బదులు గుర్తులు వాడి, దానిని తాళం వేసి ఉంచాలి.

అయితే గుట్టుకు హద్దు ఉంది. ఆ హద్దును మొదటి సమావేశంలోనే, ఏ సంగతీ చెప్పకముందే, మృదువుగా తెలియజేయాలి: "మీరు చెప్పేది నా దగ్గరే ఉంటుంది. అయితే ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నా, చిన్నబిడ్డకు హాని జరుగుతున్నా నేను ఇతరుల సహాయం తీసుకోవలసి ఉంటుంది." ఈ మాట ముందే చెప్పకపోతే, తర్వాత సహాయం పిలిచినప్పుడు అది నమ్మకద్రోహంలా కనిపిస్తుంది.

ఎక్కడ, ఎప్పుడు కూర్చోవాలి

గృహ సందర్శన మన సంఘాలకు బలం, కానీ ఆలోచన చెప్పడానికి ఇల్లు అన్నివేళలా అనువైన చోటు కాదు. కాపరి వచ్చాడనగానే ప్లాస్టిక్ కుర్చీ వస్తుంది, మంచినీళ్లు, టీ వస్తాయి, అత్తగారు మంచం మీద కూర్చుంటుంది, పక్కింటివారు గడప దగ్గర నిలబడతారు. మాట్లాడవలసిన కోడలు తలుపు చాటున ఉంటుంది. అలాంటప్పుడు ప్రార్థన ముగించి బయలుదేరడమే మేలు. ఆమె గేటు వరకు సాగనంపడానికి వస్తుంది. బండికి తాళంచెవి పెట్టిన తర్వాత, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "అయ్యగారూ, ఇంకొక్క సంగతి" అంటుంది. అదే మూడో మాట. అప్పుడు బండి స్టార్టు చేయవద్దు, తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. ఆ చర్య "మీకోసం నాకు సమయం ఉంది" అని నోటితో చెప్పినదానికంటే స్పష్టంగా చెబుతుంది. వీధిలో వినగలిగినంత విని, "రేపు పదకొండింటికి మందిరానికి రండి, అమ్మగారు కూడా ఉంటారు" అని సమయం నిశ్చయించండి.

మందిరంలో కూర్చునేటప్పుడు తలుపు తెరిచి ఉండాలి, బయటినుంచి కనబడాలి, కానీ మాట వినబడకూడదు. పురుషుడైన కాపరి ఒక స్త్రీతో ఒంటరిగా కూర్చోకూడదు. కాపరి భార్యగానీ, స్త్రీల పెద్దగానీ పక్కన ఉండాలి, పక్కన ఎవరు ఉంటే బాగుంటుందో మాట్లాడడానికి వచ్చిన స్త్రీనే అడగాలి. ఆదివారం ఆరాధన అయ్యాక వరుసలో నిలబడినవారికి దీవెన ఇవ్వవచ్చు గానీ ఆలోచన చెప్పలేము. ఒక్కొక్క సమావేశానికి ముప్పావు గంట నుంచి గంట చాలు. ఫోను సైలెంటులో పెట్టి బోర్లించడం మరచిపోవద్దు.

వినే పద్ధతి

ఆస్తినీ బిడ్డలనూ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేల మీద కూర్చుని ఒక్క మాటైనా పలకలేదు. ఆ గ్రంథమంతటిలో వారు సరిగ్గా చేసిన పని అదొక్కటే. నోరు తెరిచిన తర్వాతే వారి తప్పులు మొదలయ్యాయి. "సంగతి వినకముందు ప్రత్యుత్తరమిచ్చువాడు తన మూఢతను బయలుపరచి సిగ్గునొందును" అని సామెతలు 18:13 చెబుతున్నది. కాబట్టి మొదటి సమావేశంలో సలహా ఇవ్వకూడదనే నియమం పెట్టుకోండి.

అడగవలసిన ప్రశ్నలు చాలా మామూలువి. ఇది ఎప్పటినుంచి మొదలైంది? నిద్ర పడుతున్నదా? అన్నం సయిస్తున్నదా? ఇంట్లో ఈ సంగతి ఎవరికి తెలుసు? ఆ తర్వాత "ఇంకా?" అని ఒక్క మాట అని మౌనంగా ఉండండి. మౌనం మనకు కష్టం, ఎందుకంటే ప్రసంగించే అలవాటున్న నోరు ఖాళీని భరించలేదు. అయినా ఆ ఖాళీలోనే అవతలివారు లోపలికి చూసుకుంటారు. వారు చెప్పినదాన్ని చివరలో మీ మాటల్లో తిరిగి చెప్పి, "నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా?" అని అడగండి. నిద్ర, భోజనం గురించి అడగడం ఆత్మీయం కాదని కొందరు అనుకుంటారు. మొదటి రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త చావును కోరుకుని బదరీవృక్షము క్రింద పడుకున్నప్పుడు, దేవుని దూత అతనికి వాక్యోపదేశం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి నిద్రపోనిచ్చాడు, అదీ రెండుసార్లు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అన్న ప్రశ్న ఆ తర్వాత హోరేబు గుహలో వచ్చింది.

కొన్ని మాటలు ఎన్నడూ అనకూడదు. "మీ విశ్వాసం తక్కువ కాబట్టే ఇలా జరిగింది", "ఇంట్లో ఏదో దాచిన పాపం ఉంది", "ఇది పితరుల శాపం", బిడ్డలు లేనివారితో "హన్నాలా ప్రార్థించలేదేమో". పుట్టు గుడ్డివాని విషయంలో ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగినప్పుడు, వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదని యేసు ఇచ్చిన జవాబు యోహాను 9:3లో ఉన్నది.

వాక్యాన్ని ఎలా తీసుకురావాలి

రెండో సమావేశానికి వాక్యం తీసుకురండి, కానీ ఒక్కటే. పది వచనాలు వరుసగా చెబితే ఏదీ నిలవదు. మొదటి థెస్సలొనీకయులకు 5:14 ఈ పనికి కొలబద్దలాంటిది: అక్రమముగా నడుచుకొనువారికి బుద్ధి చెప్పాలి, ధైర్యము చెడినవారిని ధైర్యపరచాలి, బలహీనులకు ఊతనియ్యాలి, అందరిపట్లా దీర్ఘశాంతము చూపాలి. ముగ్గురికి మూడు రకాల పలకరింపు. మన దగ్గర జరిగే పొరపాటు ఏమిటంటే ధైర్యం చెడినవారికి బుద్ధి చెబుతాము, అక్రమంగా నడిచేవారు పలుకుబడి గలవారైతే ధైర్యపరుస్తాము. ఎదుట కూర్చున్నది ఎవరో తేల్చుకోకుండా బైబిలు తెరవవద్దు.

దుఃఖంలో ఉన్నవారికి 13, 42, 88 కీర్తనలు ఎంతో ఉపయోగపడతాయి. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, స్తుతితో ముగియదు. దేవుని ముందు అలా మొరపెట్టుకోవడానికి కూడా బైబిలులో చోటుందని తెలిసినప్పుడు చాలామందికి గుండె తేలికపడుతుంది. కీర్తనను మీరు చదివి వివరించడం కంటే వారిచేతనే బిగ్గరగా, నెమ్మదిగా చదివించండి. ఏ మాట దగ్గర గొంతు ఆగిందో గమనించండి, అక్కడే మాట్లాడండి. మన పాత అనువాదంలోని గ్రాంథిక భాష కొందరికి కొరుకుడు పడదు, కాబట్టి వాడుక మాటల్లో చెప్పాలి. చదువురానివారికి ఫోనులో ఆడియో బైబిలు పెట్టి ఇవ్వవచ్చు. వారమంతా రోజూ అదే కీర్తన వినమనండి. చివరి ప్రార్థనకు ముందు "దేనికోసం ప్రార్థించమంటారు?" అని అడగండి. వచ్చే జవాబు మీరు ఊహించినదానికి భిన్నంగా ఉండడం తరచుగా చూస్తారు.

పాపంలో ఉన్నవారిని సరిదిద్దేటప్పుడు మత్తయి 18:15 క్రమాన్ని తప్పవద్దు: మొదట ఒంటరిగా, వారికీ మీకూ మధ్యనే. పెద్దల ముందు నిలబెట్టడం మొదటి మెట్టు కాదు. నాతాను ప్రవక్త, పాపం చేసిన దావీదు రాజు దగ్గరికి పేదవాని గొఱ్ఱెపిల్ల కథతో వెళ్లాడు. తన పాపాన్ని దావీదు తానే చూసేలా చేశాడు.

మన చేతులు దాటే సంగతులు

ఒక మనిషికి వైద్యం, చట్టం అవసరమైనప్పుడు ప్రార్థనను వాటికి బదులుగా నిలబెట్టడం ప్రేమ కాదు. ఎవరూ లేకుండానే స్వరాలు వినిపిస్తున్నాయనేవారిని, రోజుల తరబడి నిద్రపోనివారిని, వారాల తరబడి మంచం దిగనివారిని దయ్యం పట్టిందని నిర్ణయించేముందు మానసిక వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాలి. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మాత్రలు ఆపమని ఏ ప్రార్థనలోనూ చెప్పవద్దు, ఆపాలో వద్దో డాక్టరు చెప్పాలి.

బతకాలని లేదని ఎవరైనా సూచనగా అన్నా, "చనిపోవాలన్న ఆలోచన వస్తున్నదా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదు. అడిగేవారు దొరికారని వారికి ఊరట కలుగుతుంది. అవునంటే, ఎలా అనుకున్నారో కూడా అడగండి. పల్లెల్లో పురుగుమందు చేతికందే దూరంలో ఉంటుంది కాబట్టి ఆ రోజే దానిని ఇంట్లోనుంచి తీయించండి, ఒంటరిగా వదలకండి, కుటుంబంలో ఒకరిని తోడుంచి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. కేసవుతుందన్న భయంతో దాచేవారికి 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షను గురించి చెప్పండి: ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించి, వారికి శిక్ష కాక సంరక్షణ అందించాలని ఆ చట్టం చెబుతున్నది.

తాగుడు విషయంలో ఒక హెచ్చరిక. ఏళ్లుగా రోజూ ఎక్కువగా తాగేవారు ఆరాధనలో ముందుకు వచ్చి ఒక్కసారిగా మానేస్తామని ప్రమాణం చేస్తే సంఘమంతా సంతోషిస్తుంది. కానీ అలా హఠాత్తుగా మానినవారికి మొదటి మూడు నాలుగు రోజుల్లో చేతులు వణకడం, మూర్ఛ రావడం, మతి తప్పి మాట్లాడడం జరగవచ్చు. అది ప్రాణం మీదికి కూడా రావచ్చు. ప్రమాణం చేయించిన రోజే డాక్టరుకు చూపించండి.

చిన్నపిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిస్తే పెద్దలు పంచాయితీ పెట్టకూడదు, రాజీ కుదర్చకూడదు. 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షను ప్రకారం 18 ఏళ్లలోపు బిడ్డపై నేరం జరిగిందని తెలిసిన ఏ వ్యక్తి అయినా పోలీసులకు తెలియజేయాలి, తెలియజేయకపోవడమే శిక్షకు తగిన నేరం. పిల్లల సహాయ నంబరు 1098కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ ఫోను చేయండి. నిందితుడు పెద్ద అయినా, కానుకలు ఎక్కువగా ఇచ్చేవాడైనా, కాపరి బంధువైనా తేడా లేదు.

భర్త కొడుతున్నాడని వచ్చిన సహోదరికి "లోబడి ఉండు, ఓర్చుకో" అని చెప్పి తిరిగి పంపడం మన సంఘాలు చేస్తున్న పాపాల్లో ఒకటని నేను బాధతో అంటున్నాను. ఎఫెసీయులకు 5వ అధ్యాయంలో 22వ వచనం చదివేవారు, ఒకనికొకడు లోబడియుండుడని చెప్పే 21ని, భర్త తన్ను తాను అప్పగించుకొనునంతగా ప్రేమించాలని చెప్పే 25ని కూడా చదవాలి. దెబ్బలున్నచోట భార్యాభర్తలను కలిపి కూర్చోబెట్టవద్దు. ఎదుట నిజం చెప్పినందుకు ఇంటికి వెళ్లాక ఆమె మళ్లీ దెబ్బలు తింటుంది. ఆమెకు స్త్రీల సహాయ నంబరు 181 తెలియాలి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందని తెలియాలి, ఆ రాత్రికి తలదాచుకోవడానికి ఒక ఇల్లు సంఘంలో ఉండాలి.

మరణం తర్వాత

ఆదరణ కూడిక వరకు మన సంఘాలు ఎంతో బాగా చూసుకుంటాయి. షామియానా, భోజనాలు, పాటలు, వాక్యం, అన్నీ ఉంటాయి. షామియానా విప్పిన మరునాటి నుంచి ఆ ఇంటికి ఎవరూ రారు. అసలు దుఃఖం అప్పుడే మొదలవుతుంది. అందువల్ల భూస్థాపన జరిగిన రోజే డైరీలో ముందు తేదీలు రాసుకోండి: పదిహేనో రోజు, నెల, చనిపోయినవారి పుట్టినరోజు, మొదటి క్రిస్మస్, నవంబరు 2న సమాధుల పండుగ, ఏడాది. ఆ రోజుల్లో వెళ్లి ఎక్కువగా మాట్లాడనవసరం లేదు. చనిపోయినవారి పేరు పెట్టి ఒక జ్ఞాపకం చెప్పండి. పేరెత్తితే బాధపడతారని అందరూ ఆ పేరును దాటవేస్తుంటారు, వినాలని ఆ ఇంటివారు ఎదురుచూస్తుంటారు. "ఏడ్చువారితో ఏడువుడి" అన్న రోమీయులకు 12:15లోని ఆజ్ఞకు వివరణ అక్కరలేదు.

కొనసాగించడం, అప్పగించడం

డబ్బు సహాయం సంఘ నిధి నుంచి, ఇద్దరు పెద్దల సంతకంతో జరగాలి. ఆలోచన చెప్పేవారు సొంతంగా అప్పు ఇవ్వకూడదు, ఎవరి అప్పుకూ పూటకాపు (హామీ) ఉండకూడదు. ఇచ్చిన చేతికి ఎదురు నిలిచి నిజం చెప్పడం ఎవరికైనా కష్టం. పరిచర్య చేసేవారు నెలకొకసారి కలిసి, పేర్లు లేకుండా, తమకు బరువైన సంగతులను పంచుకుని ప్రార్థించుకోవాలి, లేకపోతే వారే అలసి కూలిపోతారు.

నాలుగైదు సమావేశాల తర్వాత వారి అంగీకారంతో, అదే వీధిలో ఉన్న నమ్మకస్థులైన ఒక కుటుంబానికి వారిని జతచేయండి. వారానికొకసారి కలిసి అన్నం తినడం, సంతకు వెళ్లడం కూడా ఆదరణే. కాపరులకు కొన్నేళ్లకొకసారి బదిలీలు జరిగే సంఘాల్లో ఇంకొక జాగ్రత్త అవసరం. వెళ్లేముందు ఆలోచన పొందుతున్న ప్రతి ఒక్కరినీ విడిగా కలిసి, "కొత్తగా వచ్చే అయ్యగారికి మీ సంగతి చెప్పమంటారా, వద్దా?" అని అడగండి. చెప్పమన్నవారి సంగతిని నోటిమాటగా అప్పగించండి. వద్దన్నవారి పేజీలను పుస్తకంలోనుంచి చింపి, సామాను సర్దుకోకముందే కాల్చివేయండి.